పాత డీజిలు కారు - ఇంజను పని

కారు కొనునప్పుడు ఇంటిలోని వారందఱును తలకొక మాట చెప్పుదురు. రంగు కోడలు నిర్ణయించును, ముహూర్తము అత్తగారు పెట్టించును, వెల సంగతి మగవారు చూచుకొందురు. ఇరువదియేండ్లు గడచి ఆ కారు పొగ క్రక్కుచు వాకిట నిలిచిపోయినప్పుడు మాత్రము మాటలాడువారు ఇద్దఱే మిగులుదురు. ఒకరు మేస్త్రి, రెండవవారు ఇంటి యజమాని. వారిద్దఱును ఒక నిశ్చయమునకు వచ్చిన పిమ్మట బీరువా తాళపుచెవి కొఱకు మన యొద్దకు వత్తురు. "ఇంజను దింపవలెనట" అని చెప్పి సొమ్మడుగుదురు. దింపుట యననేమి, దింపి యేమి చేయుదురు, ఈ సొమ్ము దేనికి దేనికి పోవును అని తిరిగి యడిగిన గృహిణి అరుదు. అడిగినచో ఎంత మేలు కలుగునో మేము మా మేనత్తగారి యింట కన్నులార చూచితిమి. ఆ సంగతి మన సోదరీమణులకు తెలుపుట యుక్తమని తోచి వ్రాయుచున్నారము.

మా మేనత్తగారి కారు అంబాసిడరు. ఈ పేరెఱుగని తెలుగు కుటుంబ ముండదు. ఇంగ్లండు దేశపు మోరిసు ఆక్సుఫర్డు నమూనా ననుసరించి హిందుస్థాన్ మోటార్సు వారు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో దీనిని తయారుచేసిరి. 1950ల చివర ఆరంభమైన ఆ పని 2014 మే నెలలో నిలిచిపోయినది. మొదట నిది పెట్రోలు కారు. 1980 ప్రాంతమున దీనికి డీజిలు ఇంజను వచ్చెను. నాలుగు సిలిండర్లు; ఒక్కొక్కదాని వెడల్పు 73 మిల్లీమీటర్లు, దానిలో పిస్టను క్రిందికి మీదికి తిరుగు దూరము 89 మిల్లీమీటర్లు; నాలుగింటి లోపలి చోటు కలిపి 1489 ఘన సెంటీమీటర్లు. వేగము తక్కువ, చప్పుడు ఎక్కువ. అయినను ఎనమండుగురు ఎక్కినను కిమ్మనకుండ పోవును గనుక ఉమ్మడి కుటుంబములకు అది యింటి మనిషియే అయ్యెను.

డీజిలు మీద మనవారికి మక్కువ కలుగుటకు మఱియొక కారణము వెల. లారీలకు, బస్సులకు, పొలములలోని నీటి యంత్రములకు కావలసిన వస్తువని ప్రభుత్వమువారు దాని ధరను చాలకాలము తమ చేతిలో నుంచుకొని తక్కువగా నుంచిరి. ఆ కట్టుబాటు 2014 అక్టోబరులో తొలగినది. అంతకు పూర్వము చక్కగా నడచుచున్న పెట్రోలు ఇంజనును సహితము తీసివేయించి, డీజిలు ఇంజను పెట్టించుకొన్న కుటుంబములు మన వైపున చాల కలవు. ఇంజను మార్చుట యను మాట మన యిండ్లలోనికి వచ్చినది ఆ రోజులలోనే.

డీజిలు ఇంజను పనిచేయు తీరు తెలిసికొనుట కష్టము కాదు. పిల్లలు సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు చివర చేయి పెట్టి చూడుడు, వెచ్చగా నుండును. గాలిని నొక్కినకొలది వేడెక్కును. జర్మనీ దేశీయుడగు రుడాల్ఫు డీజిలు ఈ సంగతినే ఆధారము చేసికొని 1897లో ఆగ్సుబర్గు పట్టణమున తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపెను. ఆయన పేరే నూనెకును వచ్చినది. పెట్రోలు ఇంజనులో విద్యుత్తు నిప్పురవ్వ పుట్టి నూనె నంటించును. డీజిలులో నిప్పురవ్వ లేదు. పిస్టను పైకి వచ్చి గాలిని ఇరువది యింతలకు మించి నొక్కివేయును. ఆ గాలి నిప్పువలె కాగి యుండగా డీజిలు మంచువలె సన్నగా దానిలో చిమ్మబడి, తనంతట తానే అంటుకొనును. చలియుదయమున డ్రైవరు తాళము సగము త్రిప్పి కొంచెము సేపు ఊరకుండుట మీరు చూచియుందురు. సోమరితనమువలన కాదు, లోపలి హీటరు ప్లగ్గులు కాగువఱకు వేచియుండుట.

కావున ఈ ఇంజనుకు ప్రాణమంతయు ఆ నొక్కుడులో నున్నది. పిస్టను చుట్టును ఇనుప రింగులుండును. అవి సిలిండరు గోడలకు అంటియుండి గాలిని జాఱనీయవు. రోలు వాడినకొలది అరిగి గుంట తీరు మాఱునట్లే, సిలిండరును కోట్లకొలది రాపిడులచే అరిగి, గుండ్రదనము పోయి కోలగా నగును. రింగుల ప్రక్కనుండి గాలి క్రిందికి జాఱును. ఇంజను నూనె పైకి ప్రాకును. మన మేస్త్రీలు దీనినే "బోరుకు వచ్చినది" అందురు. బోరుకు వచ్చిన కారునకు మొదటి గుర్తు ఉదయముననే కనబడును. వీధిలోని కుఱ్ఱవాండ్రను నలుగురిని పిలిచి త్రోయించిన గాని కదలదు.

తక్కిన గుర్తులు పొగలో నుండును. ఈ సంగతి ప్రతి గృహిణియు నెఱిగి యుండవలెను. పొగగొట్టమునుండి నల్లని పొగ వచ్చినచో డీజిలు ఎక్కువయై గాలి చాలలేదని యర్థము. గాలి వడపోత మూసికొనిపోవుట, చిమ్ము నాజిలు చెడుట వంటి చిన్న కారణములే తఱచుగ నుండును. దీనికి ఇంజను దింప నక్కఱలేదు. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె కాలుచున్నది; రింగులో, వాల్వులో అరిగినవన్నమాట. తెల్లపొగ చలిలో కొంతసేపు వచ్చి పోయినచో భయము లేదు. కారు వేడెక్కిన తరువాతను తెల్లగానే వచ్చుచు, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో నీరు లోపలికి పోవుచున్నది. ఆ కారును ఒక్క అడుగైనను నడుపరాదు. పొగను గూర్చి మఱియొక మాట. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధక సంస్థ 2012 జూనులో నిర్ధారించినది. వంటయింటి కిటికీ క్రింద కారు నిలిపి పదినిమిషములు ఇంజను ఆడించు అలవాటు మన యిండ్లలో నున్నచో వెంటనే మాన్పింపవలెను.

ఇక మా మేనత్తగారి సంగతి. వారిది కృష్ణాజిల్లా పామఱ్ఱు వైపు గ్రామము. మామగారు 1988లో కారు కొనిరి. వారు గతించిన తరువాత కుమారు లిద్దఱును విదేశములలో నుండగా, ఆమె యొక డ్రైవరును పెట్టుకొని కారు నట్లే యుంచుకొనిరి. ఆసుపత్రికి, బ్యాంకునకు, బంధువుల యిండ్ల శుభకార్యములకు అదియే ఆధారము. ఊరిలో నెవరికైన రాత్రివేళ నొప్పులు వచ్చిన ఆ కారే పోయెడిది.

2012 వేసవిలో మచిలీపట్టణమునుండి వచ్చుచుండగా రేడియేటరు నీటిగొట్టము పగిలెను. వచ్చు ఊరు దగ్గఱనే గదా యని డ్రైవరు నాలుగు కిలోమీటర్లు అట్లే తోలుకొని వచ్చెను. నీరులేక ఇంజను కాగి కాగి త్రోవలో బిగిసిపోయినది. చల్లారిన తరువాత ఎటులో ఇంటికి చేర్చిరి. మఱునాడు నూనె చూచు పుల్ల తీసి చూడగా, నూనె పాలు కలిపిన కాఫీ రంగున నుండెను. నీరు నూనెలో కలిసినదనుటకు అంతకన్న సాక్ష్యము వేఱొకటి లేదు.

పెద్దకుమారుడు టెలిఫోనులో, "అమ్మా, ఇంకా దానికి డబ్బు పోస్తావా? గుజిరీకి ఇచ్చేయ్" అనెను. గుజిరీ వర్తకుడును వచ్చి తూకము లెక్కన వెల చెప్పి పోయెను. ఇంజను బాగుచేయుటకగు సొమ్ము ఆ వెలకన్న ఎక్కువ. ఎవరు విన్నను అమ్మివేయుటే బుద్ధియని చెప్పుదురు. మా మేనత్తగారు ఏమియు బదులు చెప్పక తమ పద్దుపుస్తకము తెఱచిరి. గడచిన సంవత్సరము కారు ఎన్ని పర్యాయములు ఎక్కడెక్కడికి వెళ్లినదో లెక్క వేసి, అన్ని ప్రయాణములకు బాడుగకారు పిలిచిన నెంత యగునో ప్రక్కన వ్రాసిరి. డ్రైవరు జీతమును, డీజిలును, ఇన్సూరెన్సును దానినుండి తీసివేసిరి. మిగిలిన సొమ్మును బట్టి చూడ, ఇంజను ఖర్చు రెండున్నర సంవత్సరములలో తిరిగి వచ్చునని తేలెను. "మూడేళ్లు నడిస్తే చాలు, అటుపైన నడిచిందంతా లాభమే" అని వారు మాతో ననిరి. కారు వెలకును మరమ్మతు వెలకును పోలిక చూచుట పొరపాటు. కారు చేసెడి పనికిని మరమ్మతు వెలకును పోలిక చూడవలెను. ఈ లెక్క వేయని యింట ఎంతయో పనికివచ్చు వస్తువులు పాత యినుము క్రింద పోవుచున్నవని మా యభిప్రాయము.

కారును లారీకి కట్టి విజయవాడ ఆటోనగరునకు చేర్చిరి. ఆ ప్రదేశమును చూడనివారు తప్పక చూడవలెను. ఇంజను విప్పువాడు ఒకడు, సిలిండరు కోయువాడు ఒకడు, డీజిలు పంపు మాత్రమే చూచువాడు ఒకడు, స్ప్రింగుపట్టీలు మాత్రమే సాగదీయువాడు ఒకడు. కులవృత్తుల వీధులవలె ఒక్కొక్క పనికి ఒక్కొక్క వరుస దుకాణములు. మా మేనత్తగారు షెడ్డులో ఒక స్టూలు వేయించుకొని పుస్తకము, పెన్సిలు పట్టుకొని కూర్చుండిరి. మేమును ప్రక్కన నుంటిమి. పెద్దమేస్త్రి మొదట నవ్వుకొనెను గాని, విప్పిన ప్రతి భాగము పేరును ఆమె అడిగి వ్రాసికొనుచుండగా ఆ నవ్వు పోయి, తానే పిలిచి చూపసాగెను.

ఇంజను దింపుట యన్నది మాటకే గాని నిజమునకు పైకెత్తుట. ముందుగా బ్యాటరీ తీగలు విప్పిరి. నీరు, నూనె కార్చిరి. బానెట్టు తలుపును, రేడియేటరును తీసి ప్రక్కన నుంచిరి. డీజిలు గొట్టములు, పొగగొట్టము, గేరుపెట్టెతో నున్న బంధములు, క్రింది రబ్బరు దిమ్మలు విప్పి, ఇనుప ముక్కాలిపీటకు గొలుసుచక్రము వ్రేలాడదీసి, ఇంజనును మెల్లగా వంచుచు వెలికి లాగిరి. మా మేనత్తగారు ఆ సమయమున ఒక మంచి పని చేయించిరి. విప్పిన మఱలను, మేకులను ఏ భాగమువి ఆ భాగముగ పాత డబ్బాలలో వేయించి, ఒక్కొక్క డబ్బాకు కాగితపు చీటి అంటింపించిరి. మన యిండ్లలో పోపుడబ్బా కున్న క్రమము షెడ్డులో నేల యుండరాదు?

పైనున్న హెడ్డు తీయగనే నష్టము బయటపడెను. హెడ్డునకు బ్లాకునకు నడుమ గాస్కెట్టు అను పలుచని రేకు ఉండును. ప్రెషరు కుక్కరు మూతకు రబ్బరు చుట్టు ఎట్టిదో దీనికిది యట్టిది. అది రెండవ, మూడవ సిలిండర్ల నడుమ కాలిపోయి యుండెను. హెడ్డు మీద ఇనుపబద్ద నిలిపి చూడగా నడుమ వెలుతురు కనబడెను, అనగా వేడికి వంగినది. సిలిండర్లను కొలిచిరి. రింగులు తిరిగి మరలు పైచోట అరుగుదల హెచ్చుగ నుండెను. ఇంతవఱకు అనుకొన్నదే. కోసి సరిచేయవచ్చునని మేస్త్రి ధైర్యము చెప్పెను. అయినను బ్లాకును కడిగి, నీటిరంధ్రములు మూసి, లోపలికి ఒత్తిడితో నీరు పంపి చూచుట మంచిదని తానే యనెను. ఆ పరీక్షకగు ఖర్చు స్వల్పము. అట్లు చేయగా సిలిండరు ప్రక్క గోడనుండి పైతలము మీదుగా మేకు రంధ్రము వఱకు వెండ్రుకవంటి పగులు చెమర్చినది.

"అమ్మగారూ, బ్లాకు పోయిందండీ. దీన్ని బోరు చేసి మీ డబ్బు తినలేను" అని అతడు చేతులు తుడుచుకొనెను. ఇట్టి మాట చెప్పు మేస్త్రి దొరకుట పూర్వజన్మ సుకృతము. పరీక్ష చేయక కోసి, క్రొత్త పిస్టన్లు వేసి యిచ్చి యుండినచో కారు రెండు నెలలు నడిచి తిరిగి నిలిచిపోయెడిది. ఖర్చంతయు నీటిపాలు, అక్షరాల!

అక్కడినుండి ఆలోచన మార్పు మీదికి పోయినది. సలహాలకు కొదవ లేదు. పగులు అతికింపుమని ఒకరు. పోత ఇనుము అతుకు వేడికి, చల్లదనమునకు తిరిగి విచ్చుననియు, తాను పూచీపడజాలననియు మేస్త్రి చెప్పెను. అంబాసిడరు కార్లకే తరువాతి కాలమున వచ్చిన ఇసూజు రెండు లీటర్ల డీజిలు ఇంజను పెట్టింపుడు, గాలివలె పోవును అని మఱియొకరు. వాను ఇంజనులు పెట్టించినవారి కథలు వేఱొకరు చెప్పిరి. వినుటకు బాగుగనే యుండును. కాని వేఱుజాతి ఇంజను వచ్చినచో దానిని మోయు దిమ్మలు కోసి అతుకవలెను. గేరుపెట్టె కుదరదు, దానిని మార్చవలెను. గేరుపెట్టె మాఱిన వెనుక చక్రములకు పోవు ఇరుసు పొడవు మాఱును. బలము హెచ్చినప్పుడు బ్రేకులును హెచ్చవలెను. బరువు హెచ్చినచో ముందు స్ప్రింగులు దిగును. ఒక గది పెంచబోయి ఇల్లంతయు పడగొట్టుకొన్నట్లగును.

అన్నిటికన్న మించినది చట్టము. కారు రిజిస్ట్రేషను పత్రములో చాసిస్ సంఖ్యతో పాటు ఇంజను సంఖ్యయు వ్రాయబడి యుండును. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదు. అదే తయారీ, అదే జాతి ఇంజను పెట్టించుటకును సామాన్య యజమాని రిజిస్ట్రేషను అధికారి యనుమతి పొందవలెను. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారును ఈ సెక్షనును గట్టిగా సమర్థించిరి. అనుమతి లేని ఇంజనుతో కారు నడిపి ప్రమాదము సంభవించినచో ఇన్సూరెన్సువారు చిక్కులు పెట్టుదురు. అప్పుడు బాధపడునది ఇంజను పెట్టిన మేస్త్రి కాదు.

కావున అదే జాతి ఇంజనే కావలెనని నిశ్చయమైనది. రెండు దినములలో ఒక దళారి యొకదానిని తెచ్చెను. వెల అందఱు చెప్పినదానిలో సగము. చూపునకు శుభ్రముగ నుండెను. మా మేనత్తగారు కండ్లజోడు పెట్టుకొని వంగి, సంఖ్య యెక్కడనని యడిగిరి. సంఖ్య యుండవలసినచోట ఆకురాతితో రుద్దిన గీతలు కనబడెను. కాగితములు తరువాత తెచ్చి యిత్తునని దళారి చెప్పెను. "కాగితాలు వచ్చినరోజే డబ్బూ వస్తుంది నాయనా" అని ఆమె మెల్లగా ననిరి. అతడు మరల కనబడలేదు. దొంగిలించిన కార్ల ఇంజనులు ఈ త్రోవనే ఇండ్లలోనికి వచ్చుచుండును. సగము వెలకు వచ్చు వస్తువు తక్కిన సగము వెలను పోలీసుస్టేషను మెట్లమీద రాబట్టుకొనును.

వారము తరువాత సరియైనది దొరకెను. వెనుకనుండి లారీ గుద్దగా పనికిరాక పోయిన అంబాసిడరు కారుది. దాని రిజిస్ట్రేషను రద్దయిన కాగితము నకలును, అమ్మినవాని సంతకముతో విక్రయపత్రమును, ఇంజను సంఖ్య వేసిన రసీదును తీసికొనిరి. రవాణా కార్యాలయమున అనుమతికై అర్జీ పెట్టిరి.

అమ్మినవాడు "నడుస్తున్న ఇంజను, అట్లే ఎక్కించుకోవచ్చు" అని చెప్పెను. మా మేనత్తగారు దానినిగూడ విప్పించిరి. ఈ పని మిక్కిలి మెచ్చదగినది. ఇంజను బల్లమీద నుండగా విప్పుట సులభము. కారులో పెట్టిన పిమ్మట చెడినచో ఎత్తుడు కూలి, దింపుడు కూలి రెండవసారి పడును. విప్పి కొలువగా, ఆ సిలిండర్లు అదివఱకే ఒకమాఱు ఇరువది సైజునకు కోయబడి యుండెను. ఇరువది సైజనగా అంగుళమును వేయి భాగములు చేసినచో అందులో ఇరువది భాగములు వెడల్పు చేయుట. ఇప్పుడు నలువది సైజునకు కోయింపవలసి వచ్చెను. అంతకు మించినచో లోపల క్రొత్త గొట్టములు దిగవేయవలసి యుండును.

కోసిన తరువాత గోడలను అద్దమువలె నునుపు చేయుదురని మేమనుకొంటిమి. చేయరు. సన్నని రాళ్లతో అడ్డదిడ్డముగా గీతలు పెట్టుదురు. నున్నని గోడమీద నూనె నిలువదు. ఆ గీతలలో నూనె నిలిచి రింగులు అరుగకుండ కాపాడును. నున్ననైన తిరుగలికి కక్కు కొట్టింపనిదే పిండి పడనట్లే యిదియును. ఉక్కుయంత్రములలో నింత పాత సూత్ర ముండుట చూచి మాకు నవ్వు వచ్చెను.

ఇక రెండు ఇంజనుల సామానులు రెండు బల్లలమీద పఱచిరి. వియ్యమందిన రెండిండ్ల పెట్టెలు తెఱచినట్లుండెను. ఏది మంచిదో అది యేరుకొనవలెను. పాత ఇంజను హెడ్డు వంగినది గనుక క్రొత్తదాని హెడ్డు తీసికొని, పైతలము చదును చేయించి, వాల్వులు గద్దెలలో సరిగ కూర్చుండునట్లు అరగదీసిరి. క్రాంకు షాఫ్టు మాత్రము పాతదే మేలుగ నుండెను. దానిని పది సైజు అరగదీయించి, ఆ కొలతకు సరిపడు బేరింగులు వేసిరి. డీజిలు పంపు మామగారి కాలమున బాగుచేయించినది. అదియు పాతదే యుంచుకొనిరి. దానిని పరీక్షబల్లమీద నిలిపి నాలుగు గొట్టములకును సమముగా నూనె వచ్చుచున్నదో లేదో చూచిరి. నాజిళ్లను పరీక్షించునప్పుడు మేము దగ్గఱకు పోగా మేస్త్రి కేక వేసి వెనుకకు పొమ్మనెను. ఆ చిమ్ముడు చూచుటకు పొగమంచువలె నుండును గాని, చర్మమును తూట్లుపొడిచి లోపలికి పోవునంత బలము గలది. పిల్లలను ఆ చోటికి తీసికొని పోరాదు.

బిగించుటకు ముందు ప్రతి భాగమును కిరసనాయిలుతో కడిగి, గాలితో ఊది, గుడ్డ కప్పి యుంచిరి. ఊరగాయ జాడీకి తడి యెట్టిదో బేరింగునకు ఇసుకరేణువు అట్టిది. రింగుల నోళ్లు అన్నియు ఒకే వరుసన రాకుండ నలుదిక్కులకు త్రిప్పి పెట్టిరి. హెడ్డు మేకులను నడుమనుండి మొదలిడి ఇరువైపులకు, ఒక్కసారిగా గాక మూడు విడతలుగా, బలము చూపు పానాతో బిగించిరి. ఈ పానా లేని షెడ్డులో ఇంజను పని చేయింపరాదని మా మేనత్తగారు పుస్తకములో గీత గీసి వ్రాసికొనిరి.

మఱికొన్ని చిన్న ఖర్చులకు మేస్త్రి సంకోచించుచు అనుమతి యడిగెను. క్లచ్చి పలక, రబ్బరు దిమ్మలు, నూనె సీళ్లు, నీటిగొట్టములు, రేడియేటరు శుద్ధి. ఆమె వెంటనే యొప్పుకొనిరి. ఇంజను వెలుపల నున్నప్పుడు ఇవి మార్చుటకు వేఱుకూలి లేదు. అదిగాక ఈ అనర్థమునకంతకు మూలము ఒక రబ్బరుగొట్టము గదా! ఇంజను పనికి వేలు పోసి గొట్టము దగ్గఱ వందలు మిగిల్చుకొనువారిని చూచిన మాకు జాలి కలుగును.

పందొమ్మిదవ దినమున ఇంజను కారులోనికి ఎక్కినది. క్రొత్త నూనె పోసి, డీజిలు గొట్టములలోని గాలి బుడగలు పోవువఱకు చేతిపంపు కొట్టి, హీటరు వెలిగించి తాళము త్రిప్పిరి. రెండుసార్లు మూలిగి మూడవసారి అందుకొన్నది. తెల్లని పొగ కొంచెముసేపు వచ్చి పోయినది. తరువాత ఆ పాత టకటక శబ్దము షెడ్డంతయు నిండెను. మా మేనత్తగారు స్టూలుమీదినుండి లేవలేదు, కొంగు కంటికద్దుకొని, "సరే, హెడ్డు మళ్లీ ఎప్పుడు బిగిస్తారు?" అని యడిగిరి. వేడెక్కి చల్లారిన పిమ్మట మేకులు మరల సరిచూచి, వాల్వుల సందులు సవరింపవలెనని అదివఱకే వ్రాసికొని యుండిరి గదా.

క్రొత్తగా కూర్చిన ఇంజను బాలింతవంటిది. మొదటి వేయి కిలోమీటర్లు దానిని వేగముగ తోలరాదు, నిండుగ నెక్కింపరాదు. అట్లని నిలిపిన చోటనే గంటలకొలది ఆడించుటయు మంచిది కాదు. రింగులు గోడలకు సరిగ కుదురుకొనవు. మెల్లగా, వేగము మార్చుచు, నడిపింపవలెను. మొదటి ఐదువందల కిలోమీటర్లకే నూనె మార్పించిరి. ఆ నూనెలో మెఱయుచున్న సన్నని లోహపు పొడి చూచినచో ఎందుకు మార్చవలెనో ఎవరును చెప్ప నక్కఱలేదు. ఆ దినములలోనే దగ్గఱి బంధువులు పెండ్లికి కారు కావలెనని వచ్చిరి. ఆరుగురు ఆడువారు, రెండు పెట్టెలు, అన్నవరము ప్రయాణము. ఆమె కాఫీ యిచ్చి, బాడుగకారునకు సొమ్ము తామిత్తుమని చెప్పి పంపిరి గాని, కారు మాత్రము ఈయలేదు. ఆ బంధువులు కొంతకాలము ముభావముగ నుండిరి.

ఇంత చేసినను పాత డీజిలు ఇంజను క్రొత్త కారు ఇంజను కాజాలదని చెప్పకుండుట న్యాయము కాదు. నీలిపొగ పోయినది, నూనె ఖర్చు తగ్గినది. అయినను 2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారత్ ఆరవస్థాయి నిబంధనల ప్రకారము తయారగు కార్లతో దాని పొగకు సాటి లేదు. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు వాహనములు నడుపరాదని 2015లో జాతీయ హరిత న్యాయస్థానము ఉత్తరువు చేయగా, 2018లో సుప్రీముకోర్టు దానిని బలపఱచెను. కావున మహానగరములలో కాపురమున్న సోదరీమణులు ఇంజనుపై సొమ్ము పెట్టకముందు తమ ఊరి నిబంధన లేమో రవాణా కార్యాలయమున కనుగొనవలెను. కారు నెలకొకమాఱు మాత్రమే కదలు ఇంట ఈ ఖర్చు దండుగ. మా మేనత్తగారి లెక్క వారి ప్రయాణములకు సరిపోయినది. మన లెక్క మనము వేసికొనవలెను.

రవాణా అధికారి కారును చూచి, గుడ్డతో బ్లాకు తుడిపించి, సంఖ్య చదివి, రసీదుతో సరిపోల్చి పత్రములో క్రొత్త ఇంజను సంఖ్య వ్రాయించెను. ఇన్సూరెన్సువారికి ఆ నకలు పంపి పాలసీలోను మార్పించిరి. రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లకు, పిమ్మట ఐదేసి యేండ్లకు పొడిగింపబడును గనుక 2013లో మరల తనిఖీ వచ్చినది. పొగపరీక్ష చీటితో కారు పోయి, తిరిగి వచ్చినది. 2018లోను పోయి వచ్చినది. రెండున్నరయేండ్లలో తీరునన్న ఖర్చు మూడేండ్లకు తీరెనని మా మేనత్తగారి పద్దు చెప్పుచున్నది. ఆ ఆఱు మాసముల తేడాకు కారణము అన్నవరపు బాడుగ కారు సొమ్మును ఆమె ఆ పద్దులోనే వ్రాయుట యని మా యనుమానము.